పల్నాటి వీరారాధనోత్సవం

పల్నాటి వీరారాధనోత్సవం పల్నాడు జిల్లా కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులపాటు జరుగుతుంది. పన్నెండో శతాబ్దం చివర, నాగులేటి ఒడ్డున సాగిన పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వీరులకు చేసే పూజ ఇది. ఐదు రోజులకు వరుసగా రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని పేర్లు. యుద్ధంలో పోయినవారిని తెలుగు నేల మీద ఊరంతా కలిసి తలచుకునే సంప్రదాయాల్లో ఇంత పాతది, ఇంత నిండుగా నిలిచినది మరొకటి చూపించడం కష్టం.

యుద్ధం అన్నదమ్ములది. అనుగురాజు కొడుకుల్లో పెద్దవాడైన నలగామరాజు గురజాలలో, సవతి తమ్ముడు మలిదేవరాజు మాచర్లలో పాలించారు. నలగామరాజు వెనుక నాయకురాలు నాగమ్మ, మలిదేవుని వెనుక బ్రహ్మనాయుడు నిలిచారు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఏడేళ్లు వలస పోవలసి వచ్చింది. ఆ వలసలో పశువుల మంద మీద దాడి జరిగింది. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగంతో మరణించాడు. ఆయన నలగామరాజుకు స్వయానా అల్లుడు. ఇక కారంపూడి యుద్ధం తప్పలేదు. దానికి 1182 ప్రాంతపు కాలాన్ని చెప్పడం వాడుక. పోరు ముగిసేసరికి మలిదేవుని వైపు వీరుల్లో దాదాపు అందరూ రాలిపోయారు. బ్రహ్మనాయుడు నలగామరాజుకే రాజ్యం విడిచి గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ చెబుతుంది. గెలిచినవారికి ఏలడానికి మనుషులు మిగలని యుద్ధం అది.

కారంపూడిలోని వీరుల గుడిలో ఆ వీరులు లింగాల రూపంలో పూజలు అందుకుంటారు. వీరుల సంఖ్యను అరవై ఆరుగా చెబుతారు. ఊళ్లో అంకాలమ్మ గుడి, చెన్నకేశవుని గుడి కూడా ఈ ఆరాధనలో భాగమే. వీరుల గుడి పీఠం పిడుగు వంశంవారిది. అయితే ఉత్సవానికి ప్రాణం కొణతాలు. కత్తులు, బల్లేలు వంటి ఈ వీరాయుధాలు కొన్ని కుటుంబాలకు తరతరాలుగా సంక్రమించాయి. ఏడాది పొడవునా వాటిని ఇంట్లో పూజిస్తూ, ఉత్సవానికి ఎంత దూరం నుంచైనా కారంపూడికి తీసుకొస్తారు. వీరిని ఆచారవంతులంటారు. నాగులేటిలోని గంగధారి మడుగులో కొణతాలకు స్నానం చేయించి, ఊరేగింపుగా వీరుల గుడికి చేరుస్తారు. చనిపోయినవాడి శిలావిగ్రహం ముందు దండ వేయడం వేరు, ఆయన ఆయుధానికి వారసుడై దాన్ని మోసుకుంటూ నడవడం వేరు. రెండోదానిలో స్మరణ ఒక బాధ్యతగా ఇంటికి చేరుతుంది.

రోజుల వరుసను కాస్త నిదానంగా చూడాలి. కథలో ముందు జరిగింది కోడిపందెం, తర్వాత మంద మీద దాడి, ఆ తర్వాత రాయబారం. ఉత్సవంలో రెండో రోజు రాయబారం, మూడో రోజు మందపోరు, నాలుగో రోజు కోడిపోరు వస్తాయి. అంటే చివరి యుద్ధాన్ని తలచుకునే కల్లిపాడుకు ముందు, సంఘటనలు ఒక్కొక్కటిగా వెనక్కి నడిచి మొదటి తగాదా దాకా వెళ్తాయి. ఈ క్రమానికి ఆచారంలో వేరే కారణాలు ఉండవచ్చు. కానీ చూసేవారికి అందేది మాత్రం చాలా స్పష్టం: ఇంతమంది చావుకు మొదలు రెండు కోళ్ల పోరు. ఐదింటిలో మూడు రోజులు యుద్ధం ఎలా వచ్చిందన్నదానికే కేటాయించడం ఈ వీరపూజలోని గొప్ప లక్షణం. శౌర్యాన్ని పొగడడంతో ఆగకుండా, ఆ శౌర్యం ఏ పంతాలకు బలైపోయిందో కూడా అది ఏటా చెబుతుంది.

మందపోరు రోజున చాపకూడు ఉంటుంది. కులభేదం లేకుండా అందరూ ఒకచోట కూర్చుని తినే ఈ పంక్తిని బ్రహ్మనాయుడు ప్రారంభించాడని సంప్రదాయం. ఆయన పక్షంలో మాల కులానికి చెందిన కన్నమదాసు సేనానాయకుడు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి వెంట నడిచిన ‘తమ్ముళ్లు’ వేర్వేరు కులాలవారు, వారిలో అనపోతు బ్రాహ్మణుడు. యుద్ధంలో కలిసి చనిపోయినవారిని విడివిడిగా కూర్చుని తలచుకోవడం ఎలా కుదురుతుంది? పల్నాడు దీనికి ఎప్పుడో జవాబు చెప్పింది, ఆ జవాబు ఇప్పటికీ మన ఊళ్లన్నిటికీ అవసరమే.

ఆధునిక సైనిక నివాళి రూపం దీనికి భిన్నం. పుష్పగుచ్ఛం, బ్యూగిల్, తుపాకులు తలకిందులుగా పట్టి చేసే వందనం, రెండు నిమిషాల మౌనం అందులో ఉంటాయి. ఈ మౌనం మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాదికి, 1919 నవంబరు 11న బ్రిటిష్ సామ్రాజ్యమంతటా మొదలైంది. గోదావరి డెల్టాలో ఆ సంప్రదాయానికి చిరునామా మిలటరీ మాధవరం. ఈ ఊరు తాడేపల్లిగూడెం మండలంలో ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధానికి తొంభై మంది, రెండోదానికి వెయ్యిమందికి పైగా వెళ్లారని ఆ ఊరి లెక్క. ఢిల్లీలోని అమర్ జవాన్ జ్యోతి తరహాలో అక్కడ స్మారకం కట్టుకున్నారు. విశాఖ బీచ్‌లోని ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం వద్ద డిసెంబరు 4న, నౌకాదళ దినోత్సవాన, తూర్పు నౌకాదళం నివాళి అర్పిస్తుంది. 1971 యుద్ధంలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది ఈ తీరానికి దగ్గరలోనే. ఈ రెండు చోట్లా తలచుకునేది యూనిఫారం వేసుకున్నవారిని. కారంపూడిలో కొణతం మోసేవాడు సైనికుడు కాడు, సాధారణ రైతో కూలీయో కావచ్చు.

కథను కాపాడింది ప్రధానంగా గాయకులు. వీరవిద్యావంతులనే మాల కళాకారులు పల్నాటి వీరకథను తరాలుగా పాడుతూ వచ్చారు. ఉత్సవానికి వారి గానం అలంకారం కాదు, అది లేకుండా పూజ సాగదు. లిఖిత సాహిత్యంలో ‘పల్నాటి వీరచరిత్ర’ శ్రీనాథుని పేర ప్రసిద్ధం, దాన్ని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి అచ్చు వేయించారు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగెయిర్ గాయకుల నోట విన్న కథను రికార్డు చేసి, ఆంగ్లానువాదంతో, విపులమైన పరిశీలనతో 1982లో గ్రంథంగా వెలువరించారు. ఆ పుస్తకంతోనే పల్నాటి కథ బయటి పండితలోకానికి ఒక మౌఖిక ఇతిహాసంగా పరిచయమైంది.