జేజి ట్రంకుపెట్టెలో దొరికిన బాండు కాగితం

ఈరోజు ఎపిసోడ్ ఒక ట్రంకుపెట్టెతో మొదలుపెడదాం.

మాది నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉండే ఊరు. మా జేజి దగ్గర ఒక పాత ట్రంకుపెట్టె ఉండేది. తాళంచెవి ఎప్పుడూ ఆమె కొంగుముడిలోనే. ఆమె పోయాక పెట్టె తెరిస్తే పెళ్లినాటి చీర, తాత ఫోటో, పొలం కాగితాలు కనిపించాయి. వాటి అడుగున ప్లాస్టిక్ కవర్లో భద్రంగా చుట్టిన ఒక బాండు. అది ఎప్పుడో మూతపడిన ఒక డిపాజిట్ల కంపెనీది. ఆ డబ్బు పోయిందని జేజికి తెలుసు. కానీ ఇంట్లో ఒక్కరికి కూడా చెప్పలేదు.

మా నాన్న ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. "నాకు చెప్పుంటే బాగుండేది" అన్నాడు. కాసేపాగి ఆయనే, "చెప్పుంటే నేను అరిచేవాణ్ణిలే" అన్నాడు.

ఆ రెండో మాట కోసమే ఈ ఎపిసోడ్. మా జేజి అమాయకురాలు కాదు. బుట్టలో చేపలు చూసి తూకం చెప్పేది, కుప్ప చూసి ఎన్ని బస్తాల వడ్లో చెప్పేది. అలాంటి మనిషి ఎలా మోసపోయింది? మోసపోయాక ఎందుకు మాట్లాడలేదు? దీనికి జవాబు కావాలంటే దాదాపు నూట ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1906. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. మన తీరం వెంట బకింగ్‌హామ్ కాలువలో పడవలు మద్రాసు దాకా వెళ్లేవి. వ్యాపారం, కోర్టు, ఉద్యోగం, పెద్ద పని ఏదున్నా మద్రాసే. అక్కడ అర్బత్‌నాట్ అండ్ కంపెనీ అని తెల్లవాళ్ల సంస్థ ఒకటి ఉండేది. దాదాపు వంద ఏళ్ల పేరు. దాని అధిపతి జార్జ్ అర్బత్‌నాట్‌కు 'సర్' బిరుదు కూడా ఉంది. రిటైరైన ఉద్యోగులు, వితంతువులు తమ జీవితకాలం పొదుపంతా అందులో దాచుకున్నారు. "దొరల కంపెనీ, ఎక్కడికి పోతుంది?" అన్న ధీమా.

1906 అక్టోబర్ 22న ఆ కంపెనీ తలుపులు మూసేసింది. లండన్ భాగస్వామి జూదంలాంటి పెట్టుబడులు పెట్టి డబ్బు పోగొట్టాడు. ఇక్కడేమో సంస్థ మునిగిపోయే స్థితిలో ఉండి కూడా జనం దగ్గర డిపాజిట్లు తీసుకుంటూనే వచ్చింది. వేలమంది నష్టపోయారు. సర్ జార్జ్‌కి 18 నెలల కఠిన శిక్ష పడింది. ఆ దెబ్బ తర్వాతే, మన డబ్బుకి మన బ్యాంకు ఉండాలని వి. కృష్ణస్వామి అయ్యర్ లాంటి వాళ్లు పూనుకుని 1907లో ఇండియన్ బ్యాంక్ పెట్టారు. ఇప్పుడు మీ వీధిలో కనిపించే ఇండియన్ బ్యాంక్ బ్రాంచి వెనక ఇంత కథ ఉంది.

అప్పుడు మోసపోయినవాళ్లలో చదువుకున్నవాళ్లు, ఇంగ్లీషు వచ్చినవాళ్లు, గుమాస్తాలు, అధికారులు ఉన్నారు. కాబట్టి "ముసలోళ్లకి చదువు లేక మోసపోతారు" అనే మాట ఇక్కడే పక్కన పెట్టేయండి. వాళ్లు లెక్క తప్పలేదు. పేరును నమ్మారు.

ఇప్పుడు మన జిల్లాకే వద్దాం. సముద్రం నుంచి లోపలికి, కలిగిరి మండలంలో దూబగుంట అనే ఊరుంది. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లా మొత్తం పాకి, 1993 అక్టోబర్‌లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత వాళ్లు చేసిన రెండో పని గురించి తక్కువమందికి తెలుసు. సారాకి పోయే డబ్బు ఇంట్లో మిగిలింది కదా, రోజుకి ఒక్క రూపాయి చొప్పున దాచడం మొదలుపెట్టారు. దాని పేరు పొదుపులక్ష్మి.

పొదుపు సంఘం ఎలా నడుస్తుందో గమనించండి. అందరూ ఒకచోట కూర్చుంటారు. డబ్బు అందరి ముందు లెక్కపెడతారు. ఎవరికి అప్పిచ్చారో అందరికీ తెలుసు. అర్థం కాకపోతే "ఏంది, మళ్లీ చెప్పు" అని అడగొచ్చు, ఎవరూ నవ్వరు. కాపలా కాసేది తాళం కాదు, పదిమంది కళ్లు.

ఇక రెండేళ్ల తర్వాత, 1995లో విజయవాడ కేంద్రంగా అగ్రిగోల్డ్ మొదలైంది. డిపాజిట్ కడితే గడువు తీరాక స్థలమైనా ఇస్తాం, ఎక్కువ డబ్బైనా ఇస్తాం అన్నారు. అది మన జిల్లాతో సహా ఎన్నో రాష్ట్రాలకు పాకింది. 2014 చివరికి చెల్లింపులు ఆగిపోయాయి. కేసు సీఐడీకి వెళ్లింది, 2016లో చైర్మన్ అరెస్టయ్యాడు. మొత్తం సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లు, 6,380 కోట్ల రూపాయలు అని లెక్క తేలింది. రాష్ట్ర ప్రభుత్వం 2019లో పదివేల లోపు కట్టినవాళ్లకి, 2021లో ఇరవైవేల లోపు వాళ్లకి డబ్బిచ్చింది. పదివేలు, ఇరవైవేలు అంటే ఎవరి డబ్బో ఊహించండి. కూలి డబ్బు, పాలమ్మిన డబ్బు, మనవరాలి పెళ్లికని దాచిన డబ్బు.

ఇక్కడ నమ్మించింది దొర పేరు కాదు. ఏజెంటు మన ఊరివాడు, ఒక్కోసారి చుట్టం. "అత్తా, నేనున్నాగా" అంటాడు. చాలామంది ఏజెంట్లు తమ సొంత డబ్బు కూడా పెట్టి మునిగిపోయారు. కంపెనీ పడ్డాక ఊళ్లో తలెత్తుకోలేకపోయారు. అందుకే ఇలాంటి దెబ్బ తిన్న ఊళ్లలో డబ్బుతో పాటు మాటలు కూడా పోతాయి. ఎవరూ ఆ విషయం ఎత్తరు. మా జేజి మౌనం నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

ఇక మూడో దశ మన చేతిలోనే ఉంది, ఫోన్. దొర పోయాడు, చుట్టం పోయాడు. ఇప్పుడు వచ్చేది ముక్కూమొహం తెలియని గొంతు. "మీ పేరుతో పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, వీడియో కాల్ కట్ చేయొద్దు" అంటాడు. లేదంటే "పెన్షన్ ఆగిపోతుంది, లైఫ్ సర్టిఫికెట్ కోసం ఓటీపీ చెప్పండి" అంటాడు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఇదే చెప్పారు.

మూడు కాలాల్లో నమ్మించే వేషం మారింది. కానీ ఒక్క మాట మాత్రం ఈ ఫోన్ దొంగ కొత్తగా నేర్చుకున్నాడు: "ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు." పెద్దవాళ్లు ఎలాగూ పిల్లలు తిడతారేమోనని చెప్పరు. ఆ సంగతి వాడికి మనకంటే బాగా తెలుసు. గాలం వాడిదే, కానీ దానికి ఎర గుచ్చుతున్నది మన కసురుడు.

మరి ఏం చేయాలి? ముందు ఈ నాలుగు గుర్తుపెట్టుకోండి.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. రేపు చూద్దాం అనొద్దు.

మనకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమంటున్నారంటే మన డబ్బు పోతోందనే అర్థం.

ఎవరైనా ఎక్కువ వడ్డీ అంటే, ఆ సంస్థకు డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉందో లేదో రిజర్వ్ బ్యాంకు వాళ్ల సచేత్ పోర్టల్‌లో చూడండి. చీటీ అయితే రిజిస్టర్ అయిందా అని అడగండి.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఇంట్లో పొదుపు సంఘం పద్ధతి పెట్టండి. వారానికి ఒకసారి పెద్దవాళ్ల పక్కన కూర్చుని, "జేజీ, ఈ వారం కొత్తగా ఎవరైనా ఫోన్ చేశారా? ఏమన్నారు?" అని కబుర్లలాగా అడగండి. ముందు మీకొచ్చిన దొంగ మెసేజ్ ఒకటి చూపించండి. నువ్వు కూడా దాదాపు క్లిక్ చేశావని తెలిస్తే ఆమె కూడా చెబుతుంది. ఫోన్ లాక్కుని "నీకేం తెలుసు" అన్నారనుకోండి, ఇంకెప్పుడూ చెప్పదు.

ఆ బాండు కాగితం ఇప్పుడు మా నాన్న బీరువాలో ఉంది. దానికి పైసా రాదు. అయినా పారేయలేదు. మా అమ్మకి అనుమానం కలిగించే ఫోన్ ఏదైనా వస్తే నాన్న ఇప్పుడు అరవడు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "మొదటినుంచి చెప్పు, వింటా" అంటాడు.

ఈ వీడియో షేర్ చేయడం తర్వాత సంగతి. ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఒక్క ఫోన్ చేయండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.