గుత్తి కొండ మీద ఎండిన దొనలు

సోమందేపల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిలో దక్షిణానికి పోతే కొడికొండ వస్తుంది. ఉత్తరానికి పోతే పెనుకొండ, అనంతపురం, ఆపైన గుత్తి. మురారిరావు ఘోర్పడే పతనమంతా ఈ దారి వెంటే నడిచింది. మొదలైంది ఇక్కడ, మన ఊళ్ళ మధ్యనే. ముగిసింది ఇంచుమించు 130 కిలోమీటర్ల అవతల, గుత్తి కొండ నెత్తిన.

మురారిరావు మరాఠా సర్దారు. గుత్తిని ఇల్లు చేసుకున్నాడు. తిరుచిరాపల్లి కోటను ఏలి వచ్చినవాడు. 1751లో ఆర్కాటు కోటలో క్లైవు గుప్పెడు మందితో చిక్కుకున్నప్పుడు, ఆరువేల గుర్రాలతో ఈయన కదిలాడన్న కబురే ముట్టడిదారుల గుండెల్లో రాయి వేసింది. ఆనాటి దక్షిణాదిలో ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ నవాబులూ అందరూ ఈయన గుర్రపుదళం కోసం కబుర్లు పంపినవాళ్ళే.

మైసూరులో హైదరాలీ పైకి లేచాక ఆ వెలుగు తగ్గింది. చిక్కబళ్ళాపురం పాలెగారికి తోడు వెళ్ళినందుకు 1760ల మొదట్లోనే మురారిరావు మూల్యం చెల్లించాడు. కొడికొండ, పెనుకొండ, మడకశిర హైదరు చేతిలోకి పోయాయి. ఒకప్పుడు విజయనగర రాయలు రాజధానిగా కూర్చున్న పెనుకొండే పోయాక, గుత్తికి దక్షిణాన అడ్డుగోడ లేనట్టే.

1775లో బళ్ళారి హైదరు వశమైంది. అక్కణ్ణుంచి గుత్తి ఎంత దూరం? హైదరు కప్పం అడిగాడు. నేను సేనాపతిని, కప్పాలు వసూలు చేసినవాణ్ణే గాని కట్టినవాణ్ణి కాదు అన్న అర్థం వచ్చేలా మురారిరావు బదులు పంపాడని మైసూరు చరిత్ర రాసిన విల్క్స్ చెబుతాడు. అది ఒట్టి పొగరు అనేవాళ్ళున్నారు. నాకు అలా తోచదు. జీవితమంతా గుర్రం మీద గడిపిన మనిషి చివరికి మాట కూడా వదులుకుంటే ఇంకేం మిగులుతుంది?

సాయం రావాల్సింది పూణే నుంచి. అక్కడ పీష్వా గద్దె కోసం రఘునాథరావు గొడవ, ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం. పీష్వా దర్బారు తన మంటలు తాను ఆర్పుకునే పనిలో ఉంది. సమయానికి ఎవరూ రాలేదు.

హైదరు ఫిరంగులకు ముందు పేట పోయింది. తర్వాత దిగువ కోట పోయింది. పేట జనం ముసలీ ముతకా, పిల్లా జెల్లా, గొడ్డూ గోదాతో ఎగువ కోటలోకి ఎక్కేశారు. మైదానం నుంచి దాదాపు 300 మీటర్ల ఎత్తున నిలువునా లేచిన కొండ అది. గోడ వెనక గోడ, బురుజు వెనక బురుజు. ఎక్కి రావడానికి శత్రువుకు దారి దొరకని చోటు. ఫిరంగికి అది లొంగలేదు, నిచ్చెనలకూ లొంగలేదు. లొంగదీసింది దప్పిక.

కొండ మీద నీళ్ళంటే బావులు, వాన నీరు నిలిచే దొనలు. కావలి బంట్ల లెక్కకు అవి సరిపోయేవి. ఒక పట్నమంతా, దాని పశువులతో సహా వచ్చి వాలితే ఎన్నాళ్ళు ఆగుతాయి? కింది నుంచి వచ్చినవాళ్ళను తలుపు బయటే ఉంచి ఉంటే కోట ఇంకా కొంతకాలం నిలిచేదేమో. ఆ కోట అలా చెయ్యలేదు. నా మట్టుకు గుత్తి వీరుల గొప్పతనం వాళ్ళు పేల్చిన తుపాకుల్లో కంటే ఆ తెరిచిన తలుపులో ఎక్కువ ఉంది. నీటి చుక్క విలువ అనంతపురం సీమవాళ్ళకు ఒకరు చెప్పాలా? అరకొరగా ఉన్న దొన నీళ్ళను ఊరివాళ్ళతో పంచుకుని, ఎండిన నాలుకలతో గోడల మీద కాపలా కాసిన మనుషులు వాళ్ళు.

చివరికి మురారిరావు రాయబారం నడిపాడు. పెద్ద మొత్తం కట్టేలా ఒప్పందం కుదిరింది. కొంత వెంటనే ఇచ్చి, మిగతాదానికి పూచీగా ఒక యువకుణ్ణి హైదరు శిబిరానికి పంపాడు. హైదరు అతణ్ణి ఆదరించి, పక్కన కూర్చోబెట్టుకుని మాటల్లో పెట్టాడని విల్క్స్ రాశాడు. దప్పికే లేకుంటే మా కోటను ఎవరూ తీసుకోలేకపోయేవారన్నాడు ఆ కుర్రవాడు. తనవాళ్ళ పౌరుషం చెప్పబోయి, తనవాళ్ళ ఆయువుపట్టు బయటపెట్టాడు. పైన నీళ్ళు కొద్ది రోజులకు మించి లేవని హైదరుకు తెలిసిపోయింది. ఒప్పందాన్ని ఏదో సాకుతో పక్కన పెట్టి ముట్టడి మళ్ళీ బిగించాడు. 1776లో కోట తలుపులు తెరుచుకున్నాయి.

ఆ కుర్రవాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాదు. నెలల తరబడి చావుకు ఎదురు నిలిచినవాళ్ళ గురించి గర్వంగా ఒక్క మాట అనాలనుకున్నాడు, అంతే.

మురారిరావును బందీగా శ్రీరంగపట్నం తీసుకుపోయి, అక్కణ్ణుంచి కబ్బాలదుర్గం కొండకు పంపారు. అక్కడే పోయాడు. ఒక కొండ నుంచి ఇంకో కొండకు, గద్దె మీది నుంచి సంకెళ్ళలోకి.

గుత్తి కోటలో ఈనాటికీ లోయ అంచున సున్నపు గచ్చుతో మెరిసే చిన్న మంటపాన్ని మురారిరావు గద్దె అంటారు. సర్దారుకు ఆ గుర్తు మిగిలింది. 1827 జూలైలో పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నరు థామస్ మన్రోను గుత్తిలోనే పూడ్చారు. 1831లో ఆయన అస్థికలను మద్రాసుకు తీసుకుపోయినా ఇక్కడి స్మారకం నిలిచే ఉంది. మన్రో సీమకు మేలు చేసిన మనిషి, ఆయనకు ఆ గౌరవం దక్కాల్సిందే. కానీ కోట గోడ మీద చివరిదాకా నిలిచిన బంట్ల పేర్లు ఏ చరిత్రకారుడూ ఎక్కించుకోలేదు. ఆ ఎగువ కోటలో, ఎండిన దొనల పక్కన, వాళ్ళ కోసం ఒక శిలాఫలకం వెయ్యాలి. నీళ్ళు పంచుకున్న సంగతి కూడా దాని మీద తెలుగులో చెక్కించాలి.