కవుల మాటలు, కాసుల మూటలు

థామస్ వోట్లిన్ 2011 నవంబరులో ఎలెక్ట్రమ్ అను బిట్‌కాయిన్ వాలెట్‌ను లోకమునకు అందించినప్పుడు, ధనస్వామి రహస్యముగా దాచుకొనవలసిన పండ్రెండు మాటలను ఏరుటకై ఆయన గైకొన్న పదపట్టిక, సమకాలీనాంగ్ల కవిత్వమున తరచుగా వచ్చు మాటలను లెక్కించి విక్షనరీలో కూర్చిన జాబితా యని తెలిసిన నాటినుండి ఆ సంగతి నా మనస్సును వీడలేదు. ప్రేమ, కాలము, కన్ను, హృదయము, లోకము, మిత్రుడు, చిరునవ్వు, ఏడుపు, రాత్రి, కల: ఆ పట్టిక మొదటి వరుసలలో కానవచ్చు మాటలివి. కవుల గుండెలలో నలిగిన పదములు కోశాగారములకు కావలి కాచెనన్న మాట!

ఆ పట్టికలోని పదములు సరిగా 1626. ఈ సంఖ్య యాదృచ్ఛికము గాదు. యంత్రము పుట్టించు రహస్యము 128 బిట్ల సంఖ్య. దానిని నాలుగు ఖండములుగా విభజించిన ఒక్కొక్కటి 32 బిట్లగును. అట్టి ఖండమునకు 429,49,67,296 రూపములు సాధ్యములు. మూడేసి మాటలతో ఒక ఖండమును తెలుపవలెనన్నచో, పదముల సంఖ్యను ఘనము చేయగా వచ్చు ఫలము ఈ రాశికి తక్కువ గారాదు. 1625ను ఘనము చేసిన 429,10,15,625 మాత్రమే వచ్చి చాలకపోవును. 1626కు 429,89,42,376 వచ్చి, కొంచెము మిగులును. కావున కవుల పదములలో 1626 మాత్రమే కొలువునకు పిలువబడెను. తక్కినవి వాకిట నిలిచిపోయెను. గణితము కవిత్వము నింత పొదుపుగా వాడుకొన్న సందర్భము మరియొకటి నాకు కనబడలేదు.

సంఖ్యను మాటలలో నిక్షేపించు విద్య మన దేశమున మిక్కిలి ప్రాచీనము. మన శాసనకర్తలు శకవర్షమును అంకెలలో గాక భూతసంఖ్యలలో చెప్పుట పరిపాటి. ఆకాశ మనగా సున్న, చంద్రు డనగా ఒకటి, నేత్ర మనగా రెండు, వేద మనగా నాలుగు, బాణ మనగా ఐదు. అంకెలను కుడినుండి ఎడమకు పేర్చుకొనవలెను. "గగన నేత్ర వేద చంద్ర" అని వ్రాసినచో శక వర్షము 1420 అని గ్రహింపవలెను. నేత్రమునకు మారుగా అక్షి యన్నను లోచన మన్నను సంఖ్య మారదు గనుక, శాసనకవి ఛందస్సునకు ఒదుగు పర్యాయపదమును ఏరుకొనుటకు స్వేచ్ఛ కలిగియుండెను. వాలెట్ మాటలకా స్వేచ్ఛ లేదు. కన్ను అన్నచో కన్నే, నయన మన్నచో తాళము తెరవబడదు. శిలపై చెక్కిన సంఖ్య పదిమందికి తెలియుటకు, వాలెట్ సంఖ్య ఒక్కరికి తప్ప తెలియకుండుటకు. ప్రయోజనములు పరస్పర విరుద్ధములైనను ఉపాయము మాత్రము ఒక్కటియే.

మాటలింత అవసరమైనందులకు కారణము మొదటి వాలెట్ల నిర్మాణమున నున్నది. తొలినాటి బిట్‌కాయిన్ వాలెట్ 100 తాళపుచెవులను ముందుగనే పుట్టించి ఒక ఫైలులో నిలువచేసి, వాడకము సాగినకొలది క్రొత్తవానిని చేర్చుచుండెడిది. ఎన్నడో తీసి దాచిన నకలులో ఆ క్రొత్త చెవులు ఉండెడివి కావు. ఫైలు పోయినచో ధనము పోయినట్లే. వేల్స్‌లోని న్యూపోర్టు నగరవాసి యొకరి హార్డుడిస్కు 2013లో పొరపాటున చెత్తకుప్ప పాలై, అందలి వేలకొలది బిట్‌కాయిన్లు నేటికిని చేజిక్కకున్నవి. ఒక్క బీజసంఖ్యనుండి లెక్కలేనన్ని చెవులను వరుసగా పుట్టించు ఉపాయమును ఎలెక్ట్రమ్ మొదటినుండియే అవలంబించెను; పీటర్ విల్ 2012లో దానికొక నియమమును ప్రతిపాదించెను. బీజము ఒక్కటియే యైనప్పుడు, దానిని కాగితముపై వ్రాసికొనదగిన మాటలుగా మార్చుట సహజముగా జరిగెను.

ఈ మాటల పద్ధతికిని జ్ఞాతులు గలరు. 1994 డిసెంబరులో డేనియల్ మెక్‌డొనాల్డ్ వెలువరించిన ఇంటర్నెట్ పత్రము, 128 బిట్ల రహస్యమును పండ్రెండు పొట్టి ఆంగ్లపదములుగా పలుకు సంప్రదాయమును నెలకొల్పెను. అందలి పదకోశము 2048 మాటలు. మరుసటి యేడు ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ పాచికలు ఐదుసార్లు వేసి 7776 మాటలలో ఒకదానిని ఏరుకొను డైస్‌వేర్ పద్ధతిని ప్రకటించెను. పాచికలనే ఆశ్రయించుటలో గొప్ప వివేకమున్నది. మనుష్యుడు తన యిష్టము కొలది ఏరిన మాట మరియొకనికి తట్టకపోదు. బ్రెయిన్ వాలెట్ అను పేర కొందరు తమకు ప్రియమైన పద్యపాదమునో సామెతనో రహస్యముగా నుంచి ధనము దాచిరి. 2015 ఆగస్టులో డెఫ్‌కాన్ సభయందు ర్యాన్ కాస్టెలుచ్చి అట్టి వాక్యములను అతివేగముగా ఊహించి వెదకు ఉపకరణమును బహిరంగముగా చూపగా, ఆ పద్ధతి ఎంత బలహీనమో తేటతెల్లమయ్యెను. కంఠస్థమైన పద్యము ఎంత మధురమైనను తాళమునకు పనికిరాదు.

2013 సెప్టెంబరులో మారెక్ పలాటినస్, పావోల్ రుస్నాక్, ఆరన్ వోయిసిన్, షాన్ బోవీ అను నలుగురు కూర్చిన బిప్ 39 అను నియమము నేడు దాదాపు ప్రతి వాలెట్‌కును ఆధారము. ఇందును 2048 మాటలే. ప్రతి మాటయు మొదటి నాలుగక్షరములతోనే తక్కిన వానినుండి వేరుపడును. పండ్రెండు మాటల వరుసలో కడపటి మాటలోని నాలుగు బిట్లు తప్పు పట్టుటకై కేటాయింపబడినవి. ఇది మేలైన శిల్పమే, కాదనను. అయినను ఈ పట్టిక యంత్రసౌలభ్యమునకై ఏరినది. 2015లో ఎలెక్ట్రమ్ సైతము తన కవిత్వపట్టికను విడిచి ఈ మాటలను చేపట్టినప్పుడు మానవస్పర్శ యొకటి లోపించెననియే నా దృఢవిశ్వాసము. అంతకన్న బాధాకరమైన విషయము మరియొకటి. ఈ నియమమునకు జపాను, కొరియా, స్పానిషు, ఫ్రెంచి, ఇటలీ, చెకు, పోర్చుగీసు, చీనా భాషలలో పట్టికలున్నవి. భారతీయ భాషలలో ఒక్కటియు లేదు. గుంటూరు మిరప వర్తకుడైనను, డాలస్ నగరమున నున్న తెలుగు ఇంజనీరైనను తన సంపదను పరభాషాపదములలోనే దాచుకొనవలసియున్నది. చేయి, చెయ్యి వంటి ద్వివిధ లేఖనములను పరిహరించి, తొలి అక్షరములతోనే వేరుపడు 2048 తెలుగు మాటలను ఏరుట మన నిఘంటుకారులకు అసాధ్యము కానేకాదు.

మాటలను భద్రపరచినను ధనము పోవు దారి యొకటి కలదు. అది తెలియుటకు ఎయిర్‌డ్రాప్, అనగా నాణెములను వాలెట్‌లకు ఉచితముగా పంచు పద్ధతి, దాని చరిత్ర ఎరుగవలెను. దాని పూర్వజుని అమాయకత్వము తలచినప్పుడెల్ల నాకు గౌరవము కలుగును. గావిన్ ఆండ్రెసన్ 50 డాలర్లిచ్చి 10,000 బిట్‌కాయిన్లు కొని, 2010లో ఒక వెబ్‌సైటు నిలిపి, అడిగినవారికెల్ల ఐదేసి ఉచితముగా పంచెను. గ్రహీత తన అడ్రస్ చెప్పి, తాను మరబొమ్మను గానని నిరూపించుకొన్న చాలును. దాత మరేమియు కోరలేదు. 2014 మార్చి 25న అరోరాకాయిన్ అను నాణెము ఐస్‌లాండు ప్రజలకెల్ల తలకు 31.8 చొప్పున పంచబడుట మొదలయ్యెను. 2008 ఆర్థిక విపత్తు తరువాత ఆ దేశము విధించిన విదేశద్రవ్య నిర్బంధములకు ప్రతిగా, బాల్దుర్ ఫ్రిగ్యార్ ఓదిన్సన్ అను మారుపేరు గల యొకడు ఈ కార్యమునకు పూనుకొనెను. జాతీయ గుర్తింపు సంఖ్య తెలిపినవారికే నాణెములు. పంపకమునకు ముందు ఆకాశమంటిన ధర పంపకము మొదలైన పిమ్మట కూలిపోయెను.

తరువాతి సంవత్సరములను దాటి 2020 సెప్టెంబరునకు వచ్చెదము. యూనిస్వాప్ అను వినిమయ వేదిక, ఆ నెల ఒకటవ తేదీకి ముందు తన్ను ఒక్కసారియైనను వాడిన ప్రతి అడ్రస్‌నకు, లావాదేవి విఫలమైనవారికి సైతము, 400 యూని టోకెన్లను ప్రకటించెను. ఐతే అవి తమంతట వచ్చి చేరవు. గ్రహీత తన వాలెట్‌ను కలిపి, సంతకము చేసి, గ్యాస్ ఫీజు అను లావాదేవి రుసుము చెల్లించి క్లెయిమ్ చేసికొనవలెను. ఇచ్చటనే దానస్వభావము మారినది. అడ్రస్ చెప్పుటకు మారుగా సంతకము చేయుట అలవాటైన నాడు, మోసగాండ్రకు రాచబాట ఏర్పడెను. యూనిస్వాప్ నడచు ఇథీరియమ్ అను వ్యవస్థకు 2015లో రూపొందిన టోకెన్ నియమావళియందు అప్రూవ్ అను ఆజ్ఞ కలదు. దానిపై సంతకము పెట్టినవాడు, తన టోకెన్లను ఫలానివారు తమ యిష్టానుసారము తరలింపవచ్చునని అనుమతి యిచ్చినవాడగును. ఆ అనుమతి రద్దుచేయువరకు, లేక అనుమతించిన మొత్తము తీరువరకు, నిలిచియుండును. అనగా పండ్రెండు మాటలు పెదవి దాటకున్నను పెట్టె ఖాళీ యగును. 2022 జూలైలో యూనిస్వాప్ పేరు పెట్టుకొన్న దొంగ టోకెన్లు 70,000కు పైగా అడ్రస్‌లకు అడుగకయే వచ్చి చేరి, క్లెయిమ్ చేసికొనుడని వారిని కపట వెబ్‌సైటునకు పిలిచినవి. నమ్మి సంతకము చేసినవారు లక్షలకొలది డాలర్లు పోగొట్టుకొనిరి.

కనుక నేడు ఎయిర్‌డ్రాప్‌నకు వాలెట్‌ను సిద్ధపరచుట ఈ చరిత్రయంతయు ఎరిగి చేయవలసిన పని. నిలువ ధనమునకు ఒకటి, ప్రయోగములకు ఒకటి, రెండు వాలెట్లుండవలెను. రెంటికిని వేర్వేరు సీడ్ ఫ్రేజ్‌లు, అనగా వేర్వేరు మాటల వరుసలు, ఉండుట మేలు. ఒకే పండ్రెండు మాటలనుండి రెండు అకౌంట్లు తీసినచో, ఒకదానిలో ఇచ్చిన అప్రూవ్ రెండవదానిని తాకదు గాని, మాటలు వెల్లడియైన నాడు రెండును పోవును. మాటలు కాగితముపైననో ఉక్కు పలకపైననో ఉండవలెను. ఫోటో తీయరాదు, ఫోనులో వ్రాయరాదు. ప్రయోగపు వాలెట్‌లో గ్యాస్‌నకు చాలునంత ఈథర్ అను ఇథీరియమ్ నాణెము మాత్రమే ఉంచవలెను. క్లెయిమ్ చేయు చోటును ఆ సంస్థ తన స్వంత ప్రకటనలో తెలిపిన చిరునామానుండియే చేరవలెను. ఏ ఎయిర్‌డ్రాప్‌నకును మాటలు అవసరము లేదు, అడిగినవాడు దొంగయే. సంతకము కోరు కిటికీలో అప్రూవ్ అని కనబడినచో, ఎవరికి, ఎంతకు అని చదివి, ఉచితముగా ఇచ్చువానికి నా టోకెన్లపై అనుమతి ఎందులకని ప్రశ్నించి, సమాధానము దొరకనిచో అచ్చటనే ఆగవలెను. అడుగక వచ్చిన టోకెన్లను అమ్మజూడరాదు. పని ముగిసిన పిమ్మట, ఇథీరియమ్ లావాదేవీలను చూపు ఈథర్‌స్కాన్ వెబ్‌సైటులో అనుమతుల పట్టిక తెరచి, అక్కరలేనివానిని రద్దుచేయవలెను.

ఒక్క చిక్కు మిగిలియున్నది. అర్హత గడచిన కాలపు వాడకమును బట్టి, అర్హులను లెక్కించు స్నాప్‌షాట్ తీసిన నాటి అడ్రస్‌నకే దక్కును. ప్రకటన విన్న పిమ్మట క్రొత్త వాలెట్ తెరచిన లాభము లేదు. కావున వేరు వాలెట్ అలవాటు ప్రకటనకు ఎంతయో ముందే ఉండవలెను. అట్లుగాక నిలువ ధనము గల పాత అడ్రస్‌నకే అర్హత దక్కినవాడు, తొందరపడక, మొదట ఆ ధనమునంతయు క్రొత్త మాటలతో పుట్టిన మరియొక వాలెట్‌నకు తరలించి, పాతదానిలో గ్యాస్‌నకు కావలసినంత ఉంచి, అప్పుడే క్లెయిమ్‌పై సంతకము చేయవలెను. వచ్చిన టోకెన్లను గూడ వెనువెంటనే అచ్చటికే పంపవలెను.