వావిలోవ్, సెర్గేయ్ ఇవానోవిచ్ (1891–1951)

సోవియట్ భౌతిక శాస్త్రవేత్త. కాంతి శాస్త్రంలో, ముఖ్యంగా ల్యూమినెసెన్స్ పరిశోధనలో ప్రసిద్ధులు. 1945 నుంచి మరణించేదాకా సోవియట్ సైన్సెస్ అకాడమీ అధ్యక్షులు. పంట మొక్కల జన్మస్థానాల సిద్ధాంతం వల్ల మన వ్యవసాయ విద్యార్థులకు తెలిసిన వావిలోవ్ ఈయన అన్నగారు నికొలాయ్. అన్న ప్రాణం తీసిన ప్రభుత్వం కింద తమ్ముడు అంత పెద్ద పదవి ఎలా చేశారన్న ప్రశ్న సెర్గేయ్ పరిశోధనలకన్నా ఎక్కువ చర్చకు వచ్చింది.

మాస్కోలో వర్తక కుటుంబంలో 1891 మార్చి 24న (పాత పంచాంగం ప్రకారం 12న) పుట్టారు. 1914లో మాస్కో విశ్వవిద్యాలయంలో చదువు ముగించి, మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశారు. 1932లో అకాడమీ సభ్యులయ్యారు. 1934లో లెబెదెవ్ భౌతిక సంస్థకు డైరెక్టరై మాండెల్‌స్టామ్, లాండ్స్‌బెర్గ్, తామ్ వంటివారిని అక్కడికి చేర్చారు. వీరిలో మొదటి ఇద్దరూ రామన్ ప్రభావాన్ని ఇంచుమించు రామన్‌తోపాటే స్ఫటికాలలో గమనించినవారు.

చెరెంకోవ్ వికిరణం ఈయన శిష్యుడి పేరుతో ప్రచారంలో ఉన్నా, రష్యన్ గ్రంథాలు దానికి వావిలోవ్ పేరు కూడా చేరుస్తాయి. అది సబబే. మసక వెలుగును కంటితో కొలిచే పద్ధతి వావిలోవ్‌దే. పరిశీలకుడు గంటకు పైగా చీకటి గదిలో కూర్చుని కళ్లను అలవాటు చేసుకున్నాకే కొలత మొదలయ్యేది. గామా కిరణాలు సోకిన ద్రవాలలో చెరెంకోవ్ చూసిన నీలి వెలుగు మామూలు ల్యూమినెసెన్స్ కాదని, దానికి మూలం ఎలక్ట్రాన్లేనని 1934లో చెప్పినవారు వావిలోవ్. 1958లో దీనికే చెరెంకోవ్, తామ్, ఫ్రాంక్‌లకు నోబెల్ బహుమతి వచ్చే నాటికి ఆయన లేరు.

నికొలాయ్‌ని 1940 ఆగస్టు 6న పశ్చిమ ఉక్రెయిన్‌లో అరెస్టు చేశారు. 1941 జూలైలో మరణశిక్ష వేసి, తరువాత దాన్ని ఇరవై ఏళ్ల ఖైదుగా మార్చారు. 1943 జనవరి 26న సరాతోవ్ జైల్లో తిండిలేక కృశించి చనిపోయారు. అప్పుడు ఆయన భార్య బరులినా, చిన్న కొడుకు యూరి అదే ఊళ్లో తలదాచుకుంటున్నారు. భర్త ఆ జైల్లోనే ఉన్నారని ఆమెకు తెలియదు. మరణవార్త సెర్గేయ్‌కి చేరింది జూలైలో. ఖైదీ విడుదల కోసం వృద్ధ రసాయన శాస్త్రవేత్త ప్ర్యానిష్నికోవ్ రహస్య పోలీసు అధిపతి బెరియాను కలిసి అడిగారని చెబుతారు. కాబట్టి నోరు విప్పినవారు ఒక్కరూ లేరనడం సరికాదు.

1945 జూలైలో, అన్న మరణం తెలిసిన రెండేళ్లకు, కొమరోవ్ స్థానంలో సెర్గేయ్ అకాడమీ అధ్యక్షులయ్యారు. ఎంపిక స్టాలిన్‌ది, ఎన్నిక లాంఛనం. ఎందుకు ఒప్పుకున్నారన్నదానిపై రెండు కథనాలున్నాయి. ఈయన కాదంటే ఆ కుర్చీ అన్నకూ జన్యుశాస్త్రానికీ ప్రత్యర్థి అయిన లిసెంకోకో, మాస్కో విచారణల ప్రాసిక్యూటర్ విషిన్‌స్కీకో పోయేదని, సంస్థను కాపాడటానికే తల ఒగ్గారని సహచరులు చెబుతూ వచ్చారు. సోల్జెనిత్సిన్ మాత్రం ‘గులాగ్ ఆర్కిపెలాగో’లో దీన్ని ఊడిగంగానే లెక్కకట్టారు. మొదటి కథనం నమ్మదగినదే అయినా దాన్ని చెప్పినవారు చాలామంది ఆయన నీడలో బతికినవారన్నది మరవకూడదు. రెండో తీర్పు, కాదంటే ఏం జరిగేదో పట్టించుకోదు.

ఈ వాదాలకన్నా 1948 ఆగస్టు రికార్డులు ఎక్కువ చెబుతాయి. ఆ నెల 7న ముగిసిన వ్యవసాయ అకాడమీ సమావేశంలో, తన నివేదికను పార్టీ కేంద్ర కమిటీ ఆమోదించిందని లిసెంకో ప్రకటించారు. దాంతో జన్యుశాస్త్రం కథ ముగిసింది. 24 నుంచి 26 దాకా సైన్సెస్ అకాడమీ అధ్యక్షవర్గం కూర్చుంది. జన్యుశాస్త్రవేత్తల విషయంలో తటస్థంగా ఉండటం అకాడమీ చేసిన తప్పని సభాధ్యక్షుడి హోదాలో వావిలోవే పలికారు. జీవశాస్త్ర విభాగం పగ్గాలు ఓర్బెలి నుంచి ఓపారిన్ చేతికి మారాయి. ష్మాల్‌హౌజెన్ సంస్థ డైరెక్టరు పదవి పోగొట్టుకున్నారు. దుబీనిన్ కణజన్యుశాస్త్ర ప్రయోగశాల మూతపడింది. అన్న శాస్త్రాన్ని మట్టుబెట్టిన ఈ తీర్మానాలు తమ్ముడి అధ్యక్షతన వెలువడ్డాయి. ఆ నవంబరులో బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త హెన్రీ డేల్ అకాడమీ గౌరవ సభ్యత్వాన్ని వదులుకుంటూ పంపిన లేఖలో నికొలాయ్‌ని ప్రస్తావించారు. ఆ లేఖ అందుకోవలసిన అధ్యక్షుడు సెర్గేయే.

భౌతిక శాస్త్రానికి ఆ గతి పట్టలేదు. సాపేక్షత, క్వాంటం సిద్ధాంతాలను ఖండించడానికి 1949 మార్చికి అనుకున్న అఖిల సోవియట్ భౌతిక శాస్త్రవేత్తల సభ రద్దయింది. ఆ సిద్ధాంతాలు లేకుండా అణుబాంబు రాదని బాంబు పథకం శాస్త్రీయ నాయకుడు కుర్చాతోవ్ బెరియాకు చెప్పడమే కారణమన్న కథ ప్రచారంలో ఉంది, పత్రాల ఆధారం బలంగా లేదు. ఇందులో వావిలోవ్ పాత్ర ఎంతో తేల్చడం కష్టం.

1949లో స్టాలిన్ 70వ పుట్టినరోజుకు, ఆయన శాస్త్ర ప్రతిభను పొగుడుతూ వ్యాసం రాశారు. అదే ఏడాది నుంచి ‘మహా సోవియట్ విజ్ఞాన సర్వస్వం’ రెండో కూర్పుకు ప్రధాన సంపాదకులు. సర్వస్వాలు కూర్చేవారికి ఇది ఇబ్బంది కలిగించే వివరమే. న్యూటన్ జీవిత చరిత్ర (1943) మాత్రం ఇప్పటికీ చదవదగిన పుస్తకం. అన్న కుటుంబాన్ని ఆదుకున్నారన్నదానిపై పెద్దగా వివాదం లేదు. నికొలాయ్ కొడుకులిద్దరూ భౌతిక శాస్త్రంలోకే వచ్చారు. పెద్దవాడు ఓలెగ్ 1946లో కాకసస్ కొండలలో ప్రమాదంలో పోయాడు.

సెర్గేయ్ 1951 జనవరి 25న గుండెపోటుతో మరణించారు. నికొలాయ్‌పై మోపిన నేరాన్ని ప్రభుత్వం 1955లో కొట్టివేసింది. సెర్గేయ్ చివరిదాకా రాసుకున్న దినచర్యలు 2012, 2016లలో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. వాటిలో కనిపించే నైరాశ్యానికి, బహిరంగ ప్రసంగాలలోని ఉత్సాహానికి ఎక్కడా పొంతన కుదరదు. 2012కి ముందు వెలువడిన జీవిత చరిత్రలను, మెచ్చినవాటినైనా తెగిడినవాటినైనా, ఈ సంపుటాలతో సరిచూసుకుని చదవాలి.