నర్తకీవయస్సు - ప్రేక్షకాభిరుచి

ఉపోద్ఘాతము

భాగ్యనగరమునుండి పడమరగా బోవు రాజమార్గము రామచంద్రాపురము, పటాన్‌చెరువు, సంగారెడ్డి, జహీరాబాదు గ్రామనగరములను దాటి బొంబాయికి జేరును. 1970 తరువాత ఈ బాట కిరువైపుల యంత్రశాలలు వెలసెను. కుటుంబములను స్వగ్రామములందు విడిచి యొంటరిగా వచ్చిన పనివా రెందరో నేడిచట నివసించుచున్నారు. మూడున్నర శతాబ్దముల క్రిందట ఈ బాటయొక్క తూర్పుకొనయందు గోలకొండ రాజధానియై, సైనికులకును వర్తకులకును దూరదేశపు బాటసారులకును ఆటపట్టై యుండెను. ఇల్లు విడిచి వచ్చిన పురుషు లున్నచోట నాట్యమును మద్యమును చేరుట నాటిమాటయే.

పాశ్చాత్యనగరములందు మద్యశాలలలో వివస్త్రలై నర్తించు స్త్రీలనుగూర్చి విచారించువారు, ఏ వయస్సు చూపరి ఏ వయస్సు నర్తకిని మెచ్చునని ప్రశ్నించుచున్నారు. అట్టి శాలలు మనదేశమున చట్టసమ్మతములు కావు. అయినను ఆ ప్రశ్న మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు. నాట్యశాస్త్రమును, అర్థశాస్త్రమును, యాత్రికుల వ్రాతలును, వేశ్యాకవయిత్రుల కావ్యములును దీనినిగూర్చి సాక్ష్యము పలుకుచున్నవి. పురుషుడు నర్తకియందు యౌవనమునే కోరుననియు, తాను ముదిసినకొలది మరింత చిన్నవయస్సుదానిని వెదకుననియు లోకమున నొక నమ్మకము కలదు. ఈ నమ్మక మెంతవరకు చరిత్రకు నిలుచునో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

శాస్త్రప్రమాణములు

భరతుడు నాట్యశాస్త్రమున సిద్ధిప్రకరణమందు ప్రేక్షకుల స్వభావభేదములను వివరించెను. తరుణులు కామవిషయమునను, ధనపరులు అర్థవిషయమునను, విరాగులు మోక్షవిషయమునను, శూరులు వీరరౌద్రములందును, వృద్ధులు ధర్మాఖ్యానపురాణములందును సంతసింతురని యాతని మతము. చూపరి వయస్సునుబట్టి అభిరుచి మారునని చెప్పిన వచనములలో ఇది మిక్కిలి ప్రాచీనమైనది. ఆ గ్రంథముననే వైశికప్రకరణమందు స్త్రీలయౌవనము నాలుగుదశలుగా విభజింపబడినది. కాని భరతు డీ రెండు పట్టికలను ఒకదానితో నొకటి ముడివేయలేదు. వృద్ధునకు ఏ కథ యిష్టమో చెప్పెనేకాని, ఏ వయస్సు నర్తకి యిష్టమో చెప్పలేదు.

నందికేశ్వరుని అభినయదర్పణమున పాత్రలక్షణములలో రూపముతోబాటు శ్యామాత్వమును చెప్పబడినది. శ్యామాశబ్దమునకు యౌవనమధ్యమందున్నదని కోశకారు లర్థము చెప్పుదురు. నాట్యమునకు విడువదగిన పాత్రలను పదింటిని అందే పేర్కొనిరి. అతిస్థూల, అతికృశ, అత్యున్నత, అతివామన, కుబ్జ, స్వరహీన మున్నగున వందున్నవి. వృద్ధ యను పేరు మాత్ర మా పదింట కానరాదు. 13వ శతాబ్దమున దేవగిరియందు శార్‌ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరము పాత్రను ముగ్ధ, మధ్య, ప్రగల్భ యని యౌవనక్రమమున మూడువిధములుగా విభజించెను. అలంకారశాస్త్రమందలి నాయికావిభాగమునకు ఇది సోదరము. ఒక్కొక్క దశకు దానికి దగిన నాట్యము కలదని దీని తాత్పర్యము.

అర్థశాస్త్రము వేరుదృష్టితో చూచినది. కౌటిల్యుని గణికాధ్యక్షప్రకరణమున గణికకు వేయి పణములు నియమింపబడినవి. రూపాలంకారములనుబట్టి వారికి తరగతు లేర్పడినవి. సౌభాగ్యము తరిగినపుడు గణికను మాతృకగా చేయవలెననియు, భోగయోగ్యతను కోల్పోయిన గణికాదాసి కోష్ఠాగారమునగాని వంటశాలయందుగాని పనిచేయవలెననియు విధింపబడినది. నాట్యశాస్త్రకారుడు శిక్షను తూచినచోట అర్థశాస్త్రకారుడు రూపమును తూచెను. మొదటిది భావమూల్యము, రెండవది దృష్టిమూల్యము అని వ్యవహారసౌకర్యమునకై పేరిడుదము. తరువాతి చరిత్ర మంతయు ఈ రెండు తూనికల నడుమ జరిగిన పోరాటమే.

గోలకొండ మైదానము

17వ శతాబ్దమున గోలకొండకు పలుమారులు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే తన యాత్రాగ్రంథమును 1676లో ప్రకటించెను. దరోగా పుస్తకమున నమోదైన వేశ్య లిరువదివేలకు పైబడి యుండిరని యాత డందు వ్రాసెను. ఆ సంఖ్య యాత్రికుని అంచనాయే కావచ్చును. అందలి వ్యవస్థాచిత్రము మాత్రము గమనింపదగినది. వారు రాజునకు పన్ను చెల్లింపరు. ప్రతి శుక్రవారము కొందరు తమ పెద్దదానితోడను వాద్యములతోడను రాజుగారి గవాక్షమునెదుటి మైదానమునకు వచ్చి, రాజున్నచో నర్తింతురు. సాయంకాలమున తమ యిండ్ల వాకిళ్లయందు దీపము వెలిగించుకొని నిలుతురు. ఆ వేళకే కల్లంగళ్లును తెరవబడును. కల్లుపైని రాజునకు గొప్ప ఆదాయము వచ్చుచుండుటచేతనే వీరిని సహించుచుండిరని తావెర్నియే కారణము చెప్పెను. రాజు మచిలీపట్టణమునకు బోవునపుడు తొమ్మండుగురు స్త్రీలు చేరి యేనుగు రూపమును కల్పించి, దానిపై నతని నెక్కించుకొని పురప్రవేశము చేయించిరని కూడ నాతడే తెలిపెను. అంగలాఘవమున వారికి గల నేర్పు దీనివలన తెలియుచున్నది.

ఇందు విచారింపవలసిన దొకటి కలదు. దీపపువెలుగున, కల్లంగడి ప్రక్క, ఒక్కరాత్రికి వచ్చిపోవు బాటసారి నర్తకియొక్క పూర్వశిక్ష నెరుగడు, ఆమె పాడు పదమునకు అర్థ మెరుగడు. వాని కన్నులకు కనబడునది వయస్సొకటే. ఆ బాటసారి తరుణుడైనను వృద్ధుడైనను తీర్పు మారదు. దీనినిబట్టి అభిరుచిని చూపరి వయస్సుకంటె చూపరికిని నర్తకికిని గల పరిచయము ఎక్కువగా శాసించునని నే ననుకొనుచున్నాను. పరిచయము లేనిచోట యౌవన మొక్కటే సరకు.

ఆ కాలముననే అబ్దుల్లా కుతుబ్‌షా (1626-1672) ఆదరమును పొందిన తారామతి, పేమామతుల పేర్లు మైదానమునందలి వేలమంది పేర్లవలె మాసిపోలేదు. ఇబ్రహీంబాగునందలి బారాదరి తారామతి పేర నేటికిని నిలిచియున్నది. కుతుబ్‌షాహీ సమాధుల యావరణమున వీరి సమాధులును కలవు. రాజసభలో దీర్ఘపరిచయము వలన వచ్చిన గౌరవమున కివి గుర్తులు.

మాహ్‌లఖాబాయి దృష్టాంతము

ఈ సిద్ధాంతమునకు భాగ్యనగరమందే బలమైన సాక్ష్యము కలదు. మాహ్‌లఖాబాయి చందా 1768లో జన్మించి 1824లో మరణించెను. ఆమె నర్తకి, గాయని, ఉర్దూకవయిత్రి. ఒక్కొక్కటి ఐదేసి ద్విపదులు గల 125 గజళ్లతో ఆమె దివాను 1798లో సంకలనమయ్యెను. 1799లో దాని ప్రతి నొకదానిని జాన్ మాల్కమ్ దొర కామె బహూకరించెను. మాహ్‌లఖా యను బిరుదము 1802లో నిజాము దర్బారున లభించెను. అప్పటి కామెకు ముప్పదినాలుగేండ్లు. దృష్టిమూల్యమే ప్రమాణమైనచో ఆ వయస్సున నర్తకి వెనుకవరుసకు బోవలెను. ఈమె విషయమున బిరుదము, జాగీరులు, సభాగౌరవము ఆ వయస్సుననే పెరిగినవి. అడిక్‌మెట్టు జాగీరు ఆమెదే. మౌలాలియందు 1792లో తల్లికి సమాధి కట్టించి, తానును కడపట దానిచెంతనే చేరెను. ఆమెను మెచ్చిన మీర్ ఆలమువంటివారు పదవులయందు ముదిరిన రాజకార్యదక్షులు, కవితాభిజ్ఞులు. వారు కోరినది సంభాషణము, కవిత్వము, భావము. అవి వయస్సుతో తరుగునవి కావు.

రాధికాసాంత్వనము - పదాభినయము

తంజావూరున ప్రతాపసింహుని (1739-1763) యాస్థానమునందలి ముద్దుపళని ఈ ప్రశ్ననే కావ్యవస్తువుగా గైకొనెను. రాధ తాను పెంచిన ఇళను కృష్ణునకిచ్చి వివాహముచేయును. కృష్ణుడు క్రొత్తపెండ్లికూతునందు మగ్నుడై రాధను మరచును. రాధ కోపించును. కృష్ణుడు తిరిగివచ్చి యామెను బ్రతిమాలుకొనును. ఈ కథయందు నాయిక వయస్సున పెద్దదియగు రాధ. కావ్యమునకు పేరు పెట్టబడినది ఆమె యూరడింపునుబట్టియే. నవయౌవనము నాయకుని ఆకర్షించుననుట కవయిత్రి కాదనలేదు. ఆ యాకర్షణము నిలువదనియు, తెలిసిన స్త్రీయొద్దకు నాయకుడు మరల రావలసివచ్చుననియు నిరూపించినది. తానును ఆ వృత్తియందు పుట్టినది కనుక ముద్దుపళని కిది యూహామాత్రము కాదు.

ఈ గ్రంథమును బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటింపగా, 1911లో ప్రభుత్వము నిషేధించెను. నిషేధము 1947లో తొలగెను. వీరేశలింగముగారు దీనియందలి శృంగారమును నిందించిరి. నాగరత్నమ్మ దానికి దీటైన సమాధాన మిచ్చెను. ఆ వివాదమున శృంగారముపై చూపు నిలిపిన పండితులు, వయస్సుమీరిన స్త్రీ పక్షమున కవయిత్రి వాదించుట యను విషయమును గమనించినట్లు కానరాదు.

మువ్వ క్షేత్రయ్య పదములయందును ఇదే ధోరణి. వానియందు ముగ్ధ యుండినను, పదమున కెక్కువ ప్రాణము పోయునది ప్రౌఢ. నాయకుని పూర్వచరిత్ర మెరిగి, వాని యబద్ధమును చూపుతోనే పట్టుకొనునట్టి స్త్రీని అభినయించుటకు అనుభవము కావలెను. గోదావరీతీరపు కళావంతుల కుటుంబములందు మేళమునకు నాయకురాలే ముఖ్యురాలు. మేజువాణియందు పిన్నలు నిలిచి నర్తింపగా, పెద్దలు కూర్చుండి ఒక్క పల్లవికి పలువిధముల అర్థములు చూపుచుండిరి. ఆ కూర్చుండుట శరీరము సడలినదని చేసిన సవరణ మాత్రమే కాదు. అది వేరొక కళ, వేరొక ప్రేక్షకునికై యేర్పడినది. బాలసరస్వతి (1918-1984) పదాభినయమునకు నడివయస్సు దాటిన పిమ్మటను దేశవిదేశముల రసికులు చేరుచుండుట ఇటీవలి దృష్టాంతము.

వృద్ధప్రేక్షకుని విషయము

ఇంతమాత్రమున ముదుసలు లందరు భావజ్ఞులని చెప్పుట సాహసము. కాశ్మీరదేశమున 8వ శతాబ్దపు దామోదరగుప్తుని కుట్టనీమతమున వికరాల యను వృద్ధకుట్టని మాలతి కుపదేశించు విద్యయంతయు విటుల దుర్బలత్వముపై నిలిచినది. గురజాడవారి కన్యాశుల్కమున మధురవాణి నాశ్రయించువారు వయస్సునుబట్టి వేర్వేరు. గిరీశము పిన్నవాడు, మాటలు మెండు, ధనము సున్న. రామప్పంతులు ముదురు, వానికి ఆమె పెద్దరికమున కొక యలంకారము. కడపటివా డగు సౌజన్యారావుపంతులు వేశ్యాద్వేషి యయ్యును ఆమె బుద్ధినిచూచి చలించెను. మధురవాణి వయస్సు నాటకమంతట నొకటే. చూచు కన్ను మారినకొలది ఆమె మూల్యము మారుచున్నది. ధనమున్న వృద్ధుడు యౌవనమును కొనుట రసికతవలన గాక, తన వార్ధక్యమును మరపించుకొను కోరికవలన నని యూహింపవచ్చును. భరతుడు వృద్ధులకు పురాణములను విధించినది లోకమునందలి ఈ బలహీనత నెరిగియే కావచ్చును.

సంస్కారోద్యమము - ఫలము

19వ శతాబ్దపు చివరనుండి నాచు వ్యతిరేకోద్యమము బలపడెను. 1947లో మద్రాసు ప్రభుత్వము దేవదాసీనిషేధచట్టమును, 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అట్టిచట్టమునే చేసినవి. బాలికలను బలవంతముగా అర్పించు దురాచారమును ఆపుట న్యాయమే. తెలంగాణమున జోగినులుగా విడువబడిన స్త్రీలు జాతరలందు ఆడి, ముదిమియందు దిక్కులేక కృశించిన చరిత్ర మెరిగినవారు దీనిని కాదనజాలరు. అయినను సంస్కర్తలు మేజువాణిని మాన్పించినపుడు, భావమూల్యమును తూచు సభకూడ చెదరిపోయెను. ఆ సభయే వయస్సుమీరిన నర్తకికి అన్నము పెట్టినది. సభ పోయినను నర్తనమును చూడగోరు కన్నులు పోలేదు. అవి రికార్డుడాన్సు పందిళ్లకును మద్యశాలలకును చేరినవి. మొదట చెప్పిన రాజమార్గము పడమటికొనయందు, మహారాష్ట్రప్రభుత్వము 2005లో మద్యశాలలందలి నర్తనమును నిషేధించెను. 2013లో సర్వోన్నతన్యాయస్థానము ఆ నిషేధము చెల్లదని తీర్పుచెప్పెను. ఆ నడుమ జీవనోపాధి పోయిన నర్తకులకు, ముదిమికి ఆధారమగు నాయకురాలి పదవి యెచ్చటను లేదు.

ఉపసంహారము

ఇంతవరకు చూపిన సాక్ష్యమువలన మూడంశములు తేలుచున్నవి. చూపరి వయస్సు అభిరుచిని మార్చును గాని, అది యొక్కటియే కారణము కాదు. పరిచయమును శిక్షయు లేనిచోట పిన్నలు పెద్దలు అందరును యౌవనమునే కోరుదురు. భావమును గ్రహింప నేర్చిన సభ యున్నచోట ప్రౌఢనర్తకి రాణించును, ఆమెకు ముదిమియందు గౌరవమును ఉండును. కాబట్టి నర్తకి ముదిమి యెట్లుండునో నిర్ణయించునది ప్రేక్షకుల విద్య.

గోదావరీమండలమున పదాభినయ మెరిగిన కడపటితరమువారు క్రమముగా కనుమరుగగుచున్నారు. తాళపత్రములను సేకరించుటకు పడిన శ్రమలో కొంతభాగ మైనను వారి నోటనున్న పదములను, వాని కర్థముచెప్పు చేతులను వ్రాసియుంచుటకు వినియోగించినచో వాఙ్మయపరిశోధకులకు మేలు. పాఠశాలలందు నాయికాభేదములను బోధించు పండితులు, ప్రౌఢ యను శబ్దము వెనుక జీవించి, వృత్తిచేసి, ముదిసిన స్త్రీలుండిరని విద్యార్థులకు తెలుపుదురుగాక.