పిల్లల పౌరజ్ఞానము - లెక్కలను నమ్మవచ్చునా?



మన విద్యార్థులకు దేశ రాజధాని యేదో తెలియదనియు, ప్రభుత్వ మెట్లు నడచునో తెలియదనియు, ఫలానా సంస్థవారు పరీక్షించి నూటికి ఇంతమంది అజ్ఞానులని తేల్చిరనియు పత్రికలలో అప్పుడప్పుడు వార్తలు వచ్చుచుండును. రచ్చబండ యొద్ద ఎవరో దానిని చదువుదురు. వినినవారు "ఈ కాలపు చదువు లింతే" యని పెదవి విఱుతురు. మఱునాడు బడిపంతులు వీధిలో కనబడినచో నలుగురును నాలుగు మాట లందురు. ఆ వార్తను పట్టుకొని పిల్లవానిని ఊరిబడి మాన్పించి పట్టణమునకు పంపువారును కలరు. ఒక్క అంకె ఇంత పని చేయుచున్నప్పుడు, అది యెట్లు పుట్టినదో విచారించుట పెద్దల ధర్మము.

ఇట్టి లెక్కలు మన గోదావరి సీమకు క్రొత్తవి కావు. రెండువందల యేండ్ల క్రిందటనే మన బడులను, మన బాలురను లెక్కించిరి. ముందుగా ఆ చరిత్రను మనవి చేసి, పిమ్మట నేటి లెక్కలకు వచ్చెదను.

1822వ సంవత్సరము జూన్ 25వ తేదీన మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో ఒక ఉత్తర్వు వ్రాసెను. రాజధానిలోని ప్రతి జిల్లాయందును బడు లెన్ని, చదువువా రెందఱు, వారే కులములవారు, చదువు పుస్తకము లేవి యని కలెక్టర్లు తెలుపవలెనని దాని సారాంశము. రాజమహేంద్రవరము కలెక్టరు రాబర్ట్‌సన్ దొర 1823లో తన నివేదికను పంపెను. అందు 291 బడులు, 2,658 మంది విద్యార్థులు అని యున్నది. అప్పటి జిల్లా జనసంఖ్య సుమారు 7,38,000. అనగా దాదాపు 277 మందికి ఒక్క విద్యార్థి. గుంటూరు కలెక్టరు పంపిన లెక్కలో 574 బడులు, ఏడువేలకు పైగా విద్యార్థులు కలరు. ఇంతవరకే చదివినవాడు "గోదావరి సీమ విద్యలో గుంటూరు సీమ కంటె మిక్కిలి వెనుకబడినది" అని తీర్పు చెప్పి పుస్తకము మూసివేయును.

కాని అదే నివేదికలో మఱియొక వరుస యున్నది. వేదము, ధర్మశాస్త్రము, జ్యోతిషము మున్నగు ఉన్నత విద్యలు చెప్పు స్థానములు రాజమహేంద్రవరము జిల్లాలో 279. అందు చదువువారు 1,454 మంది. మద్రాసు రాజధాని మొత్తములో ఇన్ని స్థానములను చూపిన జిల్లా వేఱొకటి లేదు. ఈ వరుసను మాత్రమే చదివినవాడు "గోదావరి తీరము సరస్వతికి పుట్టినిల్లు" అని పొంగిపోవును. జిల్లా యొకటే, సంవత్సర మొకటే, వ్రాసిన అధికారియు ఒకడే. వచ్చిన తీర్పులు రెండు, ఒకదాని కొకటి విరుద్ధములు.

ఆ 279 స్థానములకు పెద్ద భవనము లుండెనని తలపరాదు. ఒక్కొక్క దానికి విద్యార్థులు సగటున ఐదుగురే. పండితుడు తన యింటి అరుగుమీద శిష్యులను కూర్చుండబెట్టి చెప్పిన చదువే అధికముగా ఇందు చేరియుండును. పొరుగున నున్న మచిలీపట్టణము జిల్లాలో ఇట్టి స్థానములు 49, విద్యార్థులు 199 మంది అని వ్రాసిరి. జిల్లా పొలిమేర దాటగానే శాస్త్రములు ఎండిపోయినవా? ఒక కచ్చేరీవారు అరుగుమీది చదువును లెక్కలో చేర్చిరనియు, ఇంకొక కచ్చేరీవారు అంతగా చేర్చలేదనియు ఊహించుటయే సమంజసముగా తోచును. గుంటూరు నివేదికయే దీనికి సాక్ష్యము. అందు శాస్త్రములు నేర్పు కళాశాలలు లేవని చెప్పి, వెంటనే 171 చోట్ల విద్వాంసులైన బ్రాహ్మణులు ప్రతిఫలము కోరక శిష్యులకు శాస్త్రములు చెప్పుచున్నారని వ్రాసిరి. కళాశాల అను మాట కేమి అర్థము చెప్పుకొందు మనుదానిపై అంకె ఆధారపడినది.

మన్రో ఈ చిక్కును గుర్తించెను. జిల్లాల లెక్కలన్నియు కూడగా బడులు 12,498, విద్యార్థులు 1,88,650, జనులు సుమారు కోటి యిరువది యెనిమిది లక్షల యేబదివేలు అని తేలెను. అనగా జనులలో 67, 68 మందికి ఒకరు. 1826 మార్చిలో ఆయన ఈ యంకెను మఱల పరీక్షించి వ్రాసెను. పసిబిడ్డలను, వృద్ధులను కూడ విభాగములో చేర్చుట న్యాయము కాదు. బడి యీడు బాలురను మాత్రమే తీసికొనవలెను. ఐదు మొదలు పదియేండ్ల వఱకు గల బాలురు ఇంచుమించు 7,13,000 మంది. బడిలో నున్న బాలురు 1,84,110 మంది. అనగా నలుగురిలో ఒకనికంటె కొంచె మెక్కువ. ఇండ్లలో చదువుకొనువారిని చేర్చినచో మువ్వురిలో ఒకడు కావచ్చునని ఆయన యభిప్రాయము. అయితే మద్రాసు పట్టణములో ఇంటి చదువువారు 26,903 మంది యని వచ్చిన అంకెను చూచి, ఇందేదో పొరపాటున్నదని కూడ ఆయనయే వ్రాసెను. తన వాదమునకు అనుకూలమైన అంకెను సైతము అనుమానించుట లెక్కలు చదువువానికి ఉండవలసిన గుణము.

తరువాతి వారందఱికి ఆ గుణ మబ్బలేదు. 1931 అక్టోబరు 20వ తేదీన మహాత్మాగాంధి లండనులో మాటలాడుచు, భారతదేశము ఏబది, నూఱేండ్ల క్రిందటి కంటె ఇప్పుడే ఎక్కువ నిరక్షరాస్యమై యున్నదని చెప్పెను. సర్ ఫిలిప్ హార్టాగ్ అను విద్యావేత్త దానిని ఖండించి, ఆధారము చూపుమని కోరెను. సంవత్సరముల తరబడి వివాదము నడచెను. అందులో మన్రోనాటి లెక్కలును విమర్శకు వచ్చెను. 1983లో ధరంపాల్ ఆ నివేదికలను వెదకి పుస్తకముగా ప్రకటించుటచేతనే మనము నేడు వానిని సులభముగా చదువగలుగుచున్నాము. ఒకే పట్టికలో ఒకరు స్వదేశ వైభవమును, ఒకరు స్వదేశ దారిద్ర్యమును చూచిరి.

బడుల సంఖ్యను లెక్కించుటయే ఇంత కష్టమైనచో, పిల్లవాని తలలోని జ్ఞానమును లెక్కించు టెంత కష్టమో యోచింపుడు. తెలుగు వ్యాకరణము వ్రాసిన కాంబెల్ దొర బళ్ళారి కలెక్టరుగా నుండి 1823లోనే ఒక ఫిర్యాదు చేసెను. బాలురు పద్యములను ధారాళముగా వల్లింతురు గాని వాని యర్థము నెఱుగరని. వల్లించుటను కొలిచినవానికి ఆ బాలుడు పండితుడు. అర్థము నడిగినవానికి పామరుడు.

ఇక నేటి లెక్కలు. 2017లో ప్రథమ్ సంస్థవారి అసర్ నివేదిక కొఱకు 24 రాష్ట్రములలోని 28 జిల్లాల పల్లెలకు పోయి, 14 మొదలు 18 ఏండ్ల వయసుగల సుమారు 28,000 మందిని ప్రశ్నించిరి. భారతదేశపు పటమును చూపి ఇది యేమని యడుగగా నూటికి 14 మంది చెప్పలేకపోయిరి. దేశ రాజధాని యేదో 36 మంది చెప్పలేదు. తామున్న రాష్ట్రము పేరు 21 మంది చెప్పలేదు. ఈ పనిలో మెచ్చదగిన సంగతులు కలవు. ఇంటింటికి పోయిరి కావున బడి మానినవారును లెక్కలో చేరిరి. ఒక్కొక్కరిని విడిగా అడిగిరి. ఏమి అడిగిరో ప్రకటించిరి.

మన శాస్త్రములలో స్థాలీపులాక న్యాయ మను నొకటి కలదు. కుండలోని అన్న ముడికినదా యని తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలును. లెక్కలవారు చేయునదియు ఇదియే. కాని ఆ న్యాయము ఒకే కుండకు, ఒకే మంటకు చెల్లును. ఒక యింటి మెతుకు పట్టి చూచి ఊరివారి యన్నమంతయు ఉడికినదన రాదు. అసర్‌వారు ఆ యేట రాష్ట్రమునకు ఒకటి రెండు జిల్లాలనే చూచిరి. కావున ఆ యంకెను పట్టుకొని ఆంధ్ర బాలురు ఇట్టివారు, తమిళ బాలురు అట్టివారు అని పోల్చుటకు వీలులేదు.

మెతుకు పట్టినట్లు చెప్పి పట్టకున్న నేమి కావలెను? అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రమున 2009లో ఇట్టి సందేహమే కలిగెను. వేయిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులను ఫోనుమీద పది ప్రశ్న లడుగగా, తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ అని నూటికి 23 మందియే చెప్పిరని ఒక లెక్క వెలువడెను. వేయిమందిలో ఒక్కడైనను ఎనిమిది ప్రశ్నలకు సరిగా చెప్పలేదట! ఆ రాష్ట్రపు శాసనసభ్యుడొకడు అవే ప్రశ్నలను తన ప్రాంతపు బడులలో అడిగించగా ఫలితము లెంతో మెఱుగుగా వచ్చెను. అసలు ఆ ప్రశ్నలు నిజముగా అడిగిరా యని గణితజ్ఞులు శంకించిరి.

ప్రశ్న నిజముగా అడిగినను, దాని భాషను చూడవలెను. "మీ శాసనసభ్యు డెవరు?" అని యడిగిన పిల్లవాడు తెల్లబోవును. "మీ యెమ్మెల్యే యెవరు?" అని యడిగిన ఊరు పేరుతో సహా చెప్పును. జవాబుపత్రమును కూడ చూడవలెను. మన రాష్ట్ర రాజధాని యేదని 2020లో ఒక బాలుని అడిగినా రనుకొందము. 1953లో కర్నూలు, 1956లో హైదరాబాదు. 2014 విభజన చట్టము ప్రకారము 2024 జూన్ 2వ తేదీవఱకు హైదరాబాదు ఉమ్మడి రాజధాని. 2015లో అమరావతికి శంకుస్థాపన. 2020లో మూడు రాజధానుల చట్టము, 2021లో దాని రద్దు. ఆ బాలుడు క్షణకాలము తటపటాయించినచో అది అజ్ఞానమా, లోకజ్ఞానమా? అమలాపురపు పిల్లవాడు 2022 ఏప్రిల్ 4వ తేదీవఱకు తూర్పు గోదావరి జిల్లావాడు, ఆనాటినుండి కోనసీమ జిల్లావాడు. పాత పుస్తకము చూచి దిద్దు పరీక్షకుడు వానికి సున్న వేయును.

ఇంకొక సంగతి. డెల్టాలోని కాపుబిడ్డ లాకు లెప్పుడు తెఱతురో, నీటి వంతు ఎవరిదో, బోదెకు గండి పడినచో ఏ లస్కరుతో చెప్పవలెనో ఎఱుగును. తుపాను వచ్చినచో ఏ కట్టడమున తలదాచుకొనవలెనో ఎఱుగును. ఇదియు పౌరజ్ఞానమే. ఏ పరీక్షలోను దీనికి మార్కులు లేవు.

ఇంతమాత్రముచేత లెక్కలన్నియు బూటకము లనుట నా యుద్దేశము కాదు. అట్లనుట మన లోపములను కప్పిపుచ్చుటకు మంచి సాకు. మన్రోనాటి పట్టికనే మఱల చూడుడు. 1,88,650 మంది విద్యార్థులలో బాలికలు 4,540 మంది మాత్రమే. అందెన్ని తప్పులున్నను, ఇంటి చదువు నెంత కలిపినను, ఆడుబిడ్డలను చదువునకు దూరముగా నుంచితి మను సత్యము చెఱగదు. గ్రామగర్వము దాచిన దానిని ఆ లెక్క బయటపెట్టినది. అట్లే 2017 లెక్కలో నాలుగైదు పాళ్ళు తగ్గించి చూచినను, పదునెనిమిదేండ్లు నిండబోవువారిలో పెక్కుమందికి ఢిల్లీ పేరు తెలియకుండుట చిన్న సంగతి కాదు. 1989నుండి పదునెనిమిదేండ్లకే ఓటు వచ్చుచున్నది. నీటి వంతు తెలిసిన బిడ్డకు, గ్రామసభలో పంచాయతీ జమాఖర్చు లడుగు హక్కు తన కున్నదని తెలియకున్న, నష్టము వానికే గాక ఊరికిని కలుగును.

కావున పెద్దలకు నా మనవి యిది. ఇట్టి వార్త చదివినప్పుడు ఎవ రడిగిరి, ఎంతమంది నడిగిరి, ఏ మాటలతో అడిగిరి, ఎవరిని విడిచిరి, జవాబును దేనితో సరిచూచిరి అని విచారింపుడు. అవి చెప్పని లెక్కను పక్కన బెట్టుడు. చెప్పిన లెక్కను ఆ మేరకు నమ్ముడు, అంతకు మించి నమ్మవలదు. దానిని బట్టి మీ యూరి పంతులను నిందింపవలదు. మీ యూరి బిడ్డలను గూర్చి అది యేమియు చెప్పలేదు. వారి సంగతి తెలియవలె నన్నచో బడికి పోయి, వారి మాటలతోనే వారిని మీరే అడుగుడు. రాబోవు గ్రామసభకు పై తరగతుల పిల్లలను వెంటబెట్టుకొని పోయి వెనుక వరుసలో కూర్చుండబెట్టుడు. వారు తిరిగి వచ్చునపుడు అడుగు ప్రశ్నలను బట్టి వారి కేమి తెలిసినదో, ఏమి తెలియవలసి యున్నదో మీకే తేటపడును.

సెలవు.