ఆమె పేరు మీద హక్కు ఎవరిది?

గోదావరి జిల్లాల్లో గుళ్లలోనూ మేజువాణీల్లోనూ ఆడిపాడిన కళావంతుల చరిత్ర రాయడానికి కూర్చున్నవాళ్లకి మొదటి పేజీలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. మనకీ సంగతులు చెప్పినామె పేరు రాయాలా, వద్దా? రాస్తే మనవరాలికి వచ్చిన సంబంధం వెనక్కి పోవచ్చు. రాయకపోతే జన్మంతా పదం పట్టిన కళాకారిణి మన పుస్తకంలో ‘ఒక వృద్ధురాలు’ అయిపోతుంది. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక రాజమండ్రి చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేస్తున్నాను. ఈ చిక్కు విడాలంటే ముందు ఈ ప్రాంతపు చరిత్రనే తిరగేయాలన్నది నా నమ్మకం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టాలో మాగాణి పెరిగింది, ధాన్యం డబ్బు చేతుల్లో ఆడింది. పెళ్లికి మేళం పెట్టించడం, జమీందారు సావిట్లో మేజువాణి చేయించడం హోదాకి గుర్తులు. పెద్దాపురం, మురమండ, మండపేట, బల్లిపాడు లాంటి ఊళ్లు మేళాలకి పేరుపడ్డాయి. గుళ్లో కేళిక, దొరల ఇళ్లలో సలాం దరువు, క్షేత్రయ్య పదాలు, జావళీలు, భామాకలాపం, గొల్లకలాపం ఈ మేళాల్లోని కళావంతుల విద్య. వృత్తిలో చేర్చే గజ్జెపూజ అయిన పిల్లకి సంగీతంతో పాటు చదువూ అబ్బేది. అప్పట్లో చాలా ఇళ్లలో ఆడపిల్లలకి ఆ చదువు లేదు. కొన్ని కుటుంబాలకి గుడి మాన్యాలుండేవి.

వాళ్ల గురించి రాసినవాళ్లు చాలామంది. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టిన కందుకూరి వీరేశలింగం బోగం మేళాలని పిలిచే ఈ మేళాలను ఎండగట్టారు. ఊహ తెలియని పిల్ల బతుకుని పెద్దలే నిర్ణయించేయడం అన్యాయం కనుక ఆయన కోపంలో న్యాయముంది. 1909లో బ్రిటిష్ అధికారి థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేస్తూ బోగం, దేవదాసి అని శీర్షికలు పెట్టాడు. 1929 చట్టం దేవదాసీల మాన్యాలను గుడిసేవ నుంచి విడదీసింది. 1947 చట్టం ఆడపిల్లలను దేవుడికి అంకితం చేయడాన్నే నిషేధించింది. కులం పేరు, వృత్తి, తప్పొప్పులు అన్నీ కాగితం మీదికెక్కాయి. మేజువాణికి తివాచీ పరిపించిన ఆసాములు మాత్రం మర్యాదస్తులుగానే మిగిలారు. మీ గురించి ఏం రాయమంటారని ఆ ఇళ్ల ఆడవాళ్లని అడగాల్సిన అవసరం రాసేవాళ్లకి కనిపించలేదు.

పేరు తుడిచేయడం కూడా పాత అలవాటే. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాధికా సాంత్వనం రాసింది. తన వంశాన్ని తల్లుల వైపు నుంచి చెప్పుకున్న కవయిత్రి ఆమె. తొలుత అచ్చయిన ప్రతిలో అవతారికనీ, కొన్ని పద్యాలనీ విడిచిపెట్టారు. వీరేశలింగం ఆ కావ్యాన్ని అశ్లీలమన్నారు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతి సంపాదించి అచ్చు వేయించారు. ముద్దుపళనిలాగే నాగరత్నమ్మదీ దేవదాసి కుటుంబమే. ఆ పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు చొరవతో 1947లో ఆ నిషేధం తొలగింది. పూర్తి ప్రతిని అచ్చు వేయించే పని ఒక దేవదాసి ఇంటి ఆడపడుచే చేయాల్సొచ్చిందన్నది నేను మరచిపోలేను.

1947 చట్టం వచ్చాక కళావంతుల కుటుంబాల బతుకు మారింది. ప్రభుత్వ వెనుకబడిన తరగతుల జాబితాలో ఇప్పుడున్నది సూర్యబలిజ అన్న పేరు, పక్కన కళావంతులని కూడా ఉంటుంది. వాళ్ల విద్యని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ ఆంధ్రనాట్యంగా వేదికెక్కించారు. నర్తకి స్వప్నసుందరి విలాసినీ నాట్యంగా పునరుద్ధరించారు. బల్లిపాడుకి చెందిన సరిదె మాణిక్యమ్మ లాంటి కొద్దిమంది పేర్లు నాట్యం తెలిసినవాళ్లందరి నోటా వినిపించాయి. 2012లో పరిశోధకుడు దవేష్ సోనేజీ రాసిన ‘అన్‌ఫినిష్డ్ జెస్చర్స్’ ఈ జిల్లాల ఆడవాళ్ల జ్ఞాపకాలకి ప్రపంచంలో చోటిచ్చింది. వేదిక మీద విద్యకి గౌరవం దక్కింది. వీధిలో మాత్రం ఆ ఇంటి గతాన్ని ఎత్తిపొడిచే నోళ్లు ఇంకా ఆగలేదు.

నేను వెళ్లే ఒక ఇంట్లో మనవడు ఉద్యోగానికి వెళ్లాక మామ్మగారు వీధి తలుపు వేయించేవారు. లేచి ఆడే ఓపిక లేదు, మంచం పట్టె మీద కూర్చునే పదం పట్టేవారు. ఒకే పంక్తి మళ్లీ మళ్లీ. ఒకసారి ఎత్తిపొడుపు, ఒకసారి బతిమాలుకోవడం, ఇంకోసారి తనని తాను ఓదార్చుకోవడం. కనుబొమ అంచు, కుడిచేతి వేళ్లు, అంతే కదిలేవి. మూడుసార్లూ మూడు వేరే కథలు విన్నట్టుండేది.

“ఇదంతా రాసుకో అమ్మాయ్. ఎవరి దగ్గర నేర్చుకున్నానో కూడా రాయి. ఊరి పేరు మటుకు వద్దు. మా పిల్లాడు ఇక్కడే బతకాలి” అన్నారు.

“మామ్మగారూ, మీ గురువుగారి పేరు రాస్తే ఊరు చెప్పేసినట్టే కదండీ” అన్నాను.

కాసేపు ఆలోచించి, “అయితే నా పేరు తీసెయ్. ఆయన పేరు తియ్యకు” అన్నారు.

మనవడు ఇంకో రోజు నన్ను బస్టాండు దాకా దిగబెడుతూ, “మామ్మ పోయాక ఆ రికార్డింగులు ఎవరికీ వినిపించకండి మేడమ్” అన్నాడు. ఇద్దరి మాటా సబబే. పాట ఆమెది, ఊళ్లో నిలబడి బతకాల్సింది అతను. అందుకని ఇద్దరి ఎదుటే రెండు భాగాలు చేశాం. పదాలు, గురుపరంపర ఒక భాగం, అది ఆమె మాట ప్రకారం బయటికొస్తుంది. ఇంటి కథ, ఆసాముల కథ రెండో భాగం, అది రికార్డయిన మెమరీ కార్డు వాళ్లింట్లోనే ఉంది. ఎప్పుడు తెరవాలో వాళ్లే చెబుతారు.

మారుపేరు పెడితే సరిపోతుందని కొత్తగా వచ్చే పరిశోధక విద్యార్థులు అనుకుంటారు. మన ఊళ్లలో అది చాలదు. గుడి పేరు, మాన్యం ఎకరాలు, నాట్యం నేర్పిన నట్టువనారు పేరు వరసగా రాస్తే ఆ చుట్టుపక్కల ఎవరైనా ఇంటి నంబరుతో సహా చెప్పేస్తారు. పేరు దాచాలంటే వీటినీ దాచాలి. ఇవి దాస్తే చరిత్ర కొంత పోతుంది. ఆ నష్టం మనమే భరించాలి.

ఎవరి జీవితాన్ని అధ్యయనం చేస్తున్నామో వాళ్ల మేలే మొదటి బాధ్యతని అమెరికా మానవశాస్త్రజ్ఞుల సంఘం 1971లో సూత్రం రాసుకుంది. ఆరోగ్య రంగ సామాజిక పరిశోధనకి మన దేశంలో 2000లో నైతిక మార్గదర్శకాలొచ్చాయి. పేరు దాచడమే క్షేమమని వీటిని చదివినవాళ్లకి తోచవచ్చు. కానీ 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లు తమ కథ తామే చెప్పుకున్నారు. అక్కడ పేరు గర్వకారణం. అదే పేరు ఇక్కడ ఒకే ఇంట్లో మామ్మకి గర్వం, మనవడికి భయం. అంచేత అన్నిటికీ కలిపి ఒక ఫారం మీద ఒక్క సంతకం పెట్టించుకుంటే కుదరదు. పేరుకి వేరుగా, గొంతుకి వేరుగా, ఫొటోకి వేరుగా అడగాలి. రాసింది అచ్చుకి వెళ్లేముందు చదివి వినిపించి మళ్లీ అడగాలి.

కులం పేరు అచ్చేసినప్పుడు ఈ ఆడవాళ్లని ఎవరూ అడగలేదు, పద్యాలు కత్తిరించినప్పుడు అప్పటికే కన్నుమూసిన ముద్దుపళనిని అడిగే వీలే లేదు. ఇప్పుడు అడిగే వీలు మనకుంది. ఆమె ఊ అంటే పేరు పెద్దక్షరాల్లో వేద్దాం. వద్దంటే మన అధ్యాయం చిన్నదవుతుంది, కానిద్దాం.